పాట అందించే గిడియన్

గిడియన్ కష్టపడి సంపాదించుకున్న మొదటి గెలుపు 1988 జనవరిలో, సిడ్నీకి ఉత్తరాన టామ్‌వర్త్ పట్టణంలో, ఫుట్‌పాత్ మీద. కంట్రీ పాటల, అంటే ఇక్కడి పల్లె పాటల, ఉత్సవానికి వెళ్లిన అతని రస్టీ ట్యాంక్ బ్యాండు ఎనిమిది రోజులు ఎండలో నిలబడి పాడితే ఒక్కరూ ఆగలేదు. తొమ్మిదో రోజు మన గిడియన్ మాండొలిన్ పట్టుకుని ముందుకొచ్చి, ఒక చరణం తాను పాడి, దాన్ని తిరిగి పాడమని జనాన్ని అడిగాడు. పాడారు. వీధి అవతలివాళ్లు కూడా దాటి వచ్చి పాడారు. ఆ కబురు విన్న రోజు నాకు అన్నం సహించలేదు. సిడ్నీలో మన పెండిల్ హిల్ తెలుగు సహవాసం పదో వార్షికోత్సవ సంచికకు అతని జీవితం రాయమని కమిటీ అడిగింది గనుక, ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

నేనెవరో కొత్తవాళ్లకు చెప్పాలి. పేరు ఎలియాజర్. బాపట్ల దగ్గర పల్లెబడిలో అయిదో తరగతి వరకు చదివాను. పద్నాలుగో ఏట తాలూకా కీర్తనల పోటీలో మొదటి బహుమతి నాది. నూట పన్నెండు పెళ్లిళ్లలో హార్మోనియం వాయించాను. ఈ సహవాసంలో తొలి కీర్తన ఎత్తింది నేను. పదేళ్లలో ఒక్క ఆదివారం కూడా నా కుర్చీ ఖాళీగా లేదు.

గిడియన్‌ది రేపల్లె వైపు. 1984లో వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. గొంతు మామూలు గొంతు. మాండొలిన్ కూడా అంతే, నేను దిద్దిన తప్పులు చాలా ఉన్నాయి. కాని అతనికి ఒక అలవాటు. కూటంలో పాట ఎత్తితే పుస్తకం చూడడు. ఒక చరణం తాను అందిస్తాడు, జనం తిరిగి అనాలి. మా పల్లెల్లో సాయంత్రం ప్రార్థనల్లో అలాగే పాడేవారు, చదువు రానివాళ్లు ఎక్కువ కాబట్టి. మా నాన్న అక్షరం రాకుండానే అలా నాలుగు వందల కీర్తనలు అందించాడు.

1986లో ఒక ఆదివారం అందరి ముందూ నేను గిడియన్‌ని ఆపేశాను. ఇక్కడ అందరూ చదువుకున్నవాళ్లే, పుస్తకాలు అచ్చువేయించి తెప్పించాం, పల్లెటూరి పద్ధతి మనకెందుకన్నాను. అతను నవ్వాడు.

“పుస్తకం చూస్తే తల కిందకి పోద్దండి అంకుల్. గొంతు కూడా కిందకే పోద్ది.”

“నాకు పాఠాలు చెప్పకు అబ్బాయ్. కూర్చో.”

కూర్చున్నాడు. ఆ తరవాత ఆదివారాలు రావడం తగ్గించాడు. వర్క్‌షాపులో అతనితో పనిచేసే వెల్డరుదే ఆ రస్టీ ట్యాంక్ బ్యాండు, పశువుల గురించీ, వానలేని పొలాల గురించీ, దూరపు రోడ్ల గురించీ పాడేవాళ్లు. అందులో చేరాడు.

టామ్‌వర్త్ తరవాత మూడేళ్లు పబ్బుల్లో, పశువుల సంతల్లో పాడారు. ఆల్బమ్ చేద్దామని ఒక కంపెనీ పిలిచి స్టూడియోలో పాడిస్తే పాట చచ్చిపోయినట్టు వచ్చిందట. జనం లేకుండా నేను అందించలేనని గిడియన్ మొండికేశాడు. చివరికి డబ్బో అనే ఊరికి అవతల గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డులో మైకులు పెట్టారు. పనివాళ్లు డెబ్బై మంది అతను అందించిన చరణాలు తిరిగి అన్నారు. ఈ ఏడాది ఏప్రిల్లో ‘సెకండ్ గేట్’ అన్న పేరుతో ఆ క్యాసెట్టు వచ్చింది. ఇప్పుడు ఏ రేడియో పెట్టినా అదే.

మా అమ్మాయి జెన్సీ కార్లో అది వేసింది. రెండో పాటకు నేను రోడ్డు పక్కన ఆపించాను. ఆ అందించడం, చివరి మాట దగ్గర గొంతు ఆపి జనానికి వదిలేయడం, అచ్చం మా నాన్నది. నా ఇంట్లోది నేను బయట పారేస్తే, పక్కవాడు తీసుకుని ఊరేగుతున్నట్టుంది. ఇంటికొచ్చి క్యాసెట్టులోని కాగితం కళ్లద్దాలు పెట్టుకుని అంతా చూశాను. కృతజ్ఞతల్లో వెల్డరు భార్య పేరు ఉంది, ఎవరిదో కుక్క పేరు ఉంది. నా పేరు లేదు.

“మీరేం నేర్పారని రాస్తాడండీ? మానెయ్యమన్నది మీరేగా,” అంది మా ఆవిడ సువర్ణకుమారి, బీరకాయ చెక్కు తీస్తూ.

డిసెంబరు 22న వార్షికోత్సవ ఆరాధనలో కీర్తనలు గిడియన్ నడిపిస్తే బాగుంటుందని కమిటీ అంది. అంటే నా స్థానం. మూడు వారాలు జవాబివ్వలేదు. తొలి కీర్తన ఎత్తినవాడు పదో ఏట ఎత్తకూడదా అని ప్రతి ఒక్కరినీ అడిగాను. ఎవరూ కాదనలేదు, అవుననీ అనలేదు. పోయిన శనివారం క్వీన్స్‌లాండ్‌లో బ్యాండు దిగిన హోటలుకు నేనే ఫోన్ చేశాను.

గిడియన్‌కి కమిటీ సంగతి అప్పటికే తెలుసు. నన్ను మాట్లాడనివ్వలేదు.

“మీరే అందించండంకుల్. నేను జనంలో నిలబడి తిరిగి అంటా. మీ నాన్నగారి గురించి మావోళ్లు చెప్పేవోరు, ఆయన పాట నేను వినలేదు కదా.”

ఒప్పేసుకుందామనే అనిపించింది. కాని పదేళ్లుగా పుస్తకం చూసి పాడుతున్నాను. చూడకుండా ఎన్ని చరణాలు వస్తాయో నాకే తెలియదు.

“నువ్వే అందించు. నేను వాయిస్తాను, తిరిగి అంటాను,” అన్నాను. అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కమిటీకి మాత్రం అతను అందిస్తాడు, నేను వాయిస్తానని రాసిచ్చాను.

గిడియన్ టూరు ముగించుకుని 1991 డిసెంబరు 14, శనివారం సిడ్నీ చేరతాడు.