పక్కింటి డచ్ ఆంటీ సభ్యత్వం

చూసుకోకుండా మాటిచ్చేయడంలో నాకు మంచి అనుభవం ఉంది. చావు దగ్గరపడిన మనిషికి ఇవ్వడం మాత్రం అదే మొదటిసారి.

మేముండే లోవర్ హట్ ఊళ్ళో మా పక్కింటి డచ్ ఆంటీకి తొంభై దాటాయి. గుండె ఇక ఎన్నాళ్ళో ఆడదని చెప్పి ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. ఆవిడ కోరింది ఒక్కటే. చిన్నప్పుడు ఆదివారాలు రేడియోలో వచ్చిన చర్చి పాటలు ఒకసారి వినాలి. వాళ్ళ దేశంలో ప్రసార సంస్థలకు సభ్యులుంటారట. ఏ చర్చివాళ్ళు ఆ చర్చి సంస్థలోనే చేరేవారట. పక్క సంస్థ పాట వింటే వాళ్ళ నాన్న చెవి మెలిపెట్టేవాడట.

"ఏదీ ఎక్కడికీ పోదు ఆంటీ, బ్యాకప్ ఉంటుంది, నేను వినిపిస్తాను" అన్నాను. పాత కంప్యూటర్లలోని సమాచారాన్ని కొత్తవాటికి తరలించడం నా ఉద్యోగం. వలస వచ్చి వలసలు చేయిస్తుంటాను.

ఆంటీవాళ్ళ చర్చి సంస్థ ఇంకా ఉంది! ఆ సంబరంలో ఆవిడ పేరూ, నా ఈమెయిలూ ఇచ్చి సభ్యురాలిని చేసేశాను. ముందే చూసేస్తే సరదా పోతుందని చూడలేదు. సోమవారం పొద్దున ఆవిడ మంచం పక్కన టాబ్లెట్ నిలబెట్టి, ముందురోజు, ఆదివారం, వాళ్ళ టీవీలో వచ్చిన కార్యక్రమం నొక్కాను.

సోఫా. తెల్ల బూట్లాయన. ఎవరో నటి. గుమ్మడికాయ సూప్.

"పాటలెప్పుడు?" అన్నారు ఆంటీ.

"ఇప్పుడేగా మొదలైంది, వస్తాయి."

నలభై నిమిషాలు ఇద్దరం సూప్ మరగడం చూశాం. నాకు డచ్ రాదు కాబట్టి ఆశ కాస్త ఎక్కువసేపు నిలిచింది.

"మా నాన్న ఉంటే ఆపేసేవాడు" అన్నారావిడ. ఆపేశాను.

ఇంటికొచ్చి ఆ సంస్థ చరిత్ర చదివాను. మొదట్లో రోజూ ప్రార్థనలు. తర్వాత ఆదివారమే. తర్వాత ఇంకో సంస్థతో కలిసిపోయి, పేరులోంచి క్రీస్తును తీసేశారు. ఇప్పుడు దేవుడి స్థానంలో 'విలువలు' ఉన్నాయి.

"ఏమండీ, దేవుడి పాటలడిగితే సూప్ చూపించి వచ్చారా!" అంది మా ఆవిడ. గిన్నెలు సర్దుతూ, "ఆంటీ రెండ్రోజులుగా ఏమీ తినట్లేదండీ" అంది.

పాత రికార్డింగుల కోసం ఆ సంస్థవాళ్ళకు రాశాను. ఒక ఫారం పంపారు. నింపాను. ఇంకోటి పంపారు. రోజూ వెళ్తే ఆంటీ కనుబొమ్మలెత్తి అడిగేవారు. "దార్లో ఉన్నాయి" అనేవాణ్ణి. గురువారం ఆవిడ కనుబొమ్మలు లేవలేదు.

అంత్యక్రియలకు ఆరుగురం వెళ్ళాం. ఆ పాటలు ఒక్కరికీ రావు. హాలువాళ్ళు అలల చప్పుడుతో ఏదో వేణువు వేశారు.

మరుసటి వారం ఆంటీ పేరు మీద ఆ సంస్థ నుంచి నాకు ఈమెయిల్ వచ్చింది. రికార్డింగులు కావు, సర్వే. మా కార్యక్రమాలు ఎలా ఉన్నాయి, ఇంకా ఏం కావాలి అని.

ఆవిడ పోయారని వాళ్ళకు నేనింకా చెప్పలేదు. సభ్యుల సంఖ్యే ఆ సంస్థలకు బలమట, కాబట్టి ఆవిడ మాట వినక తప్పదు. కొన్ని నెలలకోసారి సర్వే వస్తూనే ఉంది. ఆంటీ ప్రతిసారీ సూప్‌కు సున్నా వేసి, 'ఇతర సూచనలు' గడిలో అదే రాస్తున్నారు: పాటలెప్పుడు?