బడి గోడలో గవ్వ

పోర్ట్‌బ్లెయిర్‌లో కాబోయే ఉపాధ్యాయులకు పర్యావరణ బోధన నేర్పిన కాలంలో నాకు కొన్ని నియమాలుండేవి. పాఠం గంట కొట్టకముందే ముగియాలి. నల్లబల్ల మీద సారాంశం ఉండాలి. అడగబోయే ప్రతి ప్రశ్నకూ పిల్లలు చెప్పవలసిన జవాబును పాఠ్యపథకంలో ముందే రాసుకోవాలి. ఈ చివరిది మా వృత్తిలో అందరూ పాటించినదే.

రంగత్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి బోధన పరీక్షలో అప్పటికే ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే ఉద్యోగం మీద ఆశ వదులుకోవలసిందే. ఫెరార్‌గంజ్‌లోని తెలుగు మాధ్యమం బడిలో జరిగిన ఆమె రెండో పరీక్షకు నేనే పరీక్షకుణ్ణి. పాఠం, సముద్రతీరపు ఇసుక.

"తీరంలో ఇసుక తవ్వితే ఏమవుతుంది?" అని ఆమె అడిగింది.

"కెరటాలు ఒడ్డును కోసేస్తాయి!" అని పిల్లలు ఒక్క గొంతుతో పలికారు. పథకంలో ఉన్న జవాబే. తృప్తిగా తల ఊపాను.

"అయితే తవ్వడం తప్పా?"

"తప్పే!"

కిటికీ పక్కన కూర్చున్న పిల్ల మాత్రం గోడను గోకుతూ, "దీదీ, దేఖో! ఇందులో గవ్వ ఉంది. మన బడీ ఆ ఇసకతోనే కట్టారు గదా. మరి బడిది తప్పా?" అంది.

ఆ ప్రశ్న పథకంలో లేదు. అమ్మాయి బెదురుగా నాకేసి చూసింది. పరీక్షకుడు సాయపడరాదు కనుక నేను ముఖం కదపలేదు. ఆమె పథకం మూసి పక్కన పెట్టింది.

"నాకూ తెలీదు. అందరూ లేచి గోడలు చూడండి. ఇసుక వద్దంటే దేంతో కట్టాలో మీరే చెప్పండి."

తరగతి సంతగా మారింది.

"వెదురుతో కట్టాలి!"

"వానకి నీ నెత్తిన కూలిపోద్ది, పాగల్!"

"కొండరాయి పిండి చేస్తే?"

"అప్పుడు కొండ పోదా?"

అంతలో ఆ పిల్లే నావైపు తిరిగింది. "సార్, మీ ఇల్లు దేంతో కట్టారు?"

గరాచర్మలో నేను కట్టించుకుంటున్న ఇంటి పునాది పక్కన పోయించిన తెల్లటి ఇసుక కుప్ప కళ్ళముందు మెదిలింది. లేచి నిలబడి, "ఇప్పుడే కడుతున్నాను, ఆ ఇసుకతోనే," అన్నాను. పిల్లలు పకపకా నవ్వారు. కారణాలు వివరించబోయాను.

"సార్, కూర్చోండి. మీ వంతు వచ్చినప్పుడు చెబుదురుగాని," అని అమ్మాయి వెంటనే నాలుక కరుచుకుంది.

కూర్చున్నాను. గంట కొట్టారు, ఒక్కరూ కదలలేదు. నల్లబల్ల మీద సారాంశం లేదు, 'దేంతో కట్టాలి?' అన్న ప్రశ్నే ఉంది. సమయపాలనకూ, సారాంశానికీ మార్కులు తగ్గించాను, నియమం నియమమే. పిల్లల్లో ఆలోచన రేకెత్తించినందుకు మాత్రం ఇవ్వగలిగినన్నీ ఇచ్చాను. ఆమె నెగ్గింది.

ఆ మాట చెప్పి నేను బయలుదేరబోతుంటే పిల్లలు గుమ్మానికి అడ్డం నిలిచారు.

"సార్ వంతు ఇంకా అవలేదు!"

క్రమశిక్షణ కోరేవాణ్ణి. వెనక్కి వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, చెయ్యి పైకెత్తాను.