చూపని రాయి

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లోవాళ్లకు, బడిలో పిల్లలకు, సైకిల్ క్లబ్బువాళ్లకు అందరికీ తెలుసు. తెలిసి సర్దుకుపోయేవాళ్లు. అందుకే అదొక పెద్ద తప్పని నాకెప్పుడూ అనిపించలేదు.

మాది కర్నూలు. క్లబ్బంటే ఏమీ లేదు, ఆదివారం పొద్దున్నే కలిసి తొక్కే ఎనిమిది మందిమి. అందరం యాభై దాటినవాళ్లం, షుగరనీ బీపీ అనీ డాక్టర్లు తరిమితే సైకిలెక్కినవాళ్లం. అందులో ఒకడు నాతో చిన్నప్పటి నుంచి కలిసి చదివినవాడు, బట్టల కొట్టు నడిపేవాడు. వాడికి కళ్లజోడు లేకపోతే ఎదుటి మనిషి కనపడడు, పెట్టుకుంటే చెమటకు అద్దాలు మసకేస్తాయి. అందుకని ఎప్పుడూ వరసలో చివర, నా వెనకే తొక్కేవాడు.

"రోడ్డు కానరాకపోయినా పర్వాలేదురా, నీ చెయ్యి కానొస్తే సాలు నాకు," అనేవాడు.

చెయ్యి అంటే మా వరస పద్ధతి. ముందు పోయేవాడు గుంత గానీ రాయి గానీ చూస్తే, ఆ పక్క చెయ్యి కిందికి చాపి "రాయి" అని అరుస్తాడు. వాడి వెనకవాడు అదే చేస్తాడు, వాడి వెనకవాడూ అంతే. ముందువాడి వీపు అడ్డం ఉంటుంది కాబట్టి వెనకవాడికి రోడ్డు కనిపించదు. ఎవరి వెనకవాడికి వాళ్లు చూపి తీరాలి.

ఆ రోజు పత్తికొండ దాకా పోయి రావాలని చీకటితోనే బయలుదేరాం. దసరా వెళ్లిన తర్వాతి ఆదివారం. వానలు అప్పుడే నిలిచాయి, గాలి చల్లగా ఉంది, అందరం హుషారుగా ఉన్నాం. కోడుమూరులో ఉగ్గాని, బజ్జీలకు ఆగాం.

అంతకుముందు నెల ఒక మిట్ట ఎక్కలేక నేను దిగి సైకిలు తోసుకుంటూ వచ్చాను. అది మా ఇద్దరికే తెలుసు. ఎవరికీ చెప్పొద్దని వాడితో ఒట్టు కూడా వేయించుకున్నాను. వాడు బజ్జీ నములుతూ, "మన సారు మిట్ట కాడ సైకిల్ని ఎనుమును తోలినట్టు తోలుకొని వచ్చినాడప్పా!" అని అందరి ముందూ అనేశాడు. పడీపడీ నవ్వారు. హోటలాయన కూడా నవ్వాడు. ఆ మాత్రం మాటకే నాకు ఒళ్లు మండిపోయింది. ప్లేటు వదిలేసి లేచాను.

"ఏమప్పా, అలిగినావా?" అంటూ వాడు భుజం మీద చెయ్యి వేశాడు. విదిలించి కొట్టాను.

ఊరు దాటాక రోడ్డుకు ఒక పక్కంతా మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. బండ్లు ఎక్కకుండా వాటి చుట్టూ రాళ్లు పేరుస్తారు. గింజలు ఎత్తుకున్నచోట కొన్ని రాళ్లు అట్లే మిగిలిపోతుంటాయి. అలా మిగిలినదొకటి, టెంకాయంతది, మా దారిలో ఉంది. నా ముందువాడు చెయ్యి చాపి చూపించాడు. నేను చూశాను, తప్పుకున్నాను. చెయ్యి మాత్రం హ్యాండిల్ మీది నుంచి తీయలేదు, నోరు మెదపలేదు.

మరిచిపోయి కాదు. పడితే పడనీ, మోకాలు గీసుకుంటే తెలిసొస్తుంది, అనుకున్నాను.

వెనక పెద్ద చప్పుడు. తిరిగి చూసేసరికి వాడు సైకిలు మీది నుంచి ఎగిరి, వరసగా పేర్చిన రాళ్ల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. తలకు హెల్మెట్ ఉంది, తలకేమీ కాలేదు. దెబ్బంతా వెన్నుకు తగిలింది. కళ్లు తెరిచే ఉన్నాడు. "రేయ్, నా కాళ్లు యాడికి పోయినాయిరా?" అన్నాడు.

అక్కడ గింజలు తిరగేస్తున్న ఆమె పరుగెత్తుకొచ్చింది. మెడలో నల్లదారానికి చిన్న శిలువ. వాడి మొహాన ఎండ పడకుండా కొంగు చాపి పట్టుకుని, "యేసయ్యా, బిడ్డను కాపాడు తండ్రీ," అంటూ నిలబడింది.

ఆమె మీద అందరికంటే ముందు అరిచింది నేనే. "రోడ్డు నీ అబ్బ సొత్తా? రాళ్లు ఈడ్నే పారేసి మనిషిని సంపుతావా?"

"ఆరబోసే జాగా మాకు యాడుండాది సామీ? వానకు మొలకలొస్తాంటే ఈడ పోసుకుంటిమి. తప్పయిపాయ సామీ, శానా తప్పయిపాయ," అని ఏడ్చింది. కొంగు మాత్రం దించలేదు. అంబులెన్సు వచ్చేదాకా అట్లే నిలబడి ఉంది. నేను అంబులెన్సులో వచ్చేశాక మావాళ్లు ఆమె చేత అప్పటికప్పుడు గింజలన్నీ ఎత్తించారట. సగం పచ్చివేనట.

రెండేళ్లయింది. వాడికి నడుం కింద స్పర్శ లేదు. కొట్లో చక్రాల కుర్చీలో కూర్చుని చీరలు చూపిస్తాడు, పైఅర వాటికి భార్యను పిలుస్తాడు. క్లబ్బు ఆగిపోయింది. నేను ప్రతి ఆదివారం వాడి దగ్గరికి పోతాను. నిజం చెప్పాలనే పోతాను. నోరు రాదు. నా మీద నాకు అసహ్యం.

పోయిన ఆదివారం వాడే ఎత్తాడు. "రేయ్, ఆ పొద్దు రాయి నువ్వు సూపించినావు కదా? నేనే యాడో సూస్తాంటి. అంతే కదా?"

వాడి భార్య టీ గ్లాసులతో గుమ్మంలో ఆగి నా వైపే చూస్తోంది.

"సూపిస్తి కదరా," అన్నాను.

వాడి మొహం విప్పారింది. "ఇన్నావా?" అన్నాడు భార్యతో. "వాడు అలిగి సూపలేదేమో అని ఇన్నాళ్లూ నన్ను తింటివి కదా. వాడు సూపకుండా ఉంటాడా?"

ఆమె నా ముందు టీ పెట్టి లోపలికి పోయింది. నేను ఆ టీ తాగాను.