ఏ ఎరుపు?

ఆపరేషన్‌కి వెళ్లే రోజు పొద్దున అన్నయ్య బ్రష్షులు కడిగాడు. కిరోసిన్‌లో ముంచి, పాత గుడ్డతో తుడిచి, కుచ్చు చెదరకుండా ఒక్కోదానికీ కాగితం చుట్టాడు. వారంలో తిరిగొచ్చే మనిషి చేసే పని అది. తిరిగి రాలేదు.

అన్నయ్య దుకాణాలకి బోర్డులు రాసేవాడు. పన్నెండేళ్ల కిందట అమ్మ తన కిడ్నీ ఒకటి అతనికిచ్చింది. దాన్ని ఒళ్లు పరాయిదనుకుని తరిమేయకుండా రోజూ మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలు ఒంట్లో కాపలా మొత్తాన్నీ జోకొడతాయని, అందుకే చర్మం మీద ఏవేవో మొలుస్తాయని చర్మం డాక్టరమ్మ చెప్పింది. ఎండ తగలనివ్వొద్దంది. మానని పుండుగానీ కొత్త మచ్చగానీ కనిపిస్తే వెంటనే రమ్మంది.

ఇంకొకరైతే బెంగపడేవారు. అన్నయ్యకి కుతూహలం పట్టుకుంది. నిచ్చెనకి గొడుగు కట్టి, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని రాసేవాడు. వీధిలో అందరూ గొడుగు పెయింటర్ అనేవారు. వేళ్ల మీద పులిపిర్లు మొలిస్తే పుస్తకంలో చెయ్యి బొమ్మ గీసి, ఒక్కోదానికీ అచ్చం దాని రంగే కలిపి చుక్క పెట్టేవాడు. మా విద్యార్థులకి చూపిస్తాను, ఇస్తావా అని డాక్టరమ్మ ఆ పుస్తకం అడిగింది. వారం దాకా అన్నయ్య నేల మీద నడవలేదు.

తనకి కనబడని చోట్లు నా వంతు. మూణ్ణెల్లకోసారి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. వీపు, మెడ, చెవుల వెనక చూసి నేను చెప్పాలి.

"ఎడమ చెవి వెనక గరుగ్గా తగులుతోందే. చూడు," అన్నాడొకసారి.

"రంగు అంటిందిలే. తుడుచుకోడానికి గుడ్డ లేనట్టు చెవే దొరికిందా?"

"ఏ రంగు?"

"ఎరుపు."

"ఏ ఎరుపు?"

"నీ ఎరుపులన్నీ నేనెక్కడ గుర్తుపెట్టుకోను అన్నయ్యా? ఇటుక ఎరుపు."

"సరిగ్గా చూశావా? లోపల అమ్మ వింటోంది," అంటూ అమ్మ కిడ్నీ పెట్టిన చోట పొత్తికడుపు తట్టుకున్నాడు.

"చూశాను, లే ఇంక. నాకు పనుంది."

"ఎప్పుడంటిందో," అని గొణుక్కుంటూ, పుస్తకంలో చెవి బొమ్మ పక్కన 'రంగు మరక' అని రాసుకున్నాడు.

మూడు నెలలకి మెడలో గడ్డ తేలింది. చెవి వెనక మొదలైన చర్మం క్యాన్సర్ అక్కడిదాకా దిగిందని డాక్టరమ్మ చెప్పింది. ముందే వచ్చుంటే ఆ కాస్త ముక్క కోసేస్తే సరిపోయేదట. అన్నయ్య నా వంక చూడలేదు. పుస్తకం తెరిచి, "మొదట్లో ఏ రంగులో ఉంటుంది మేడమ్?" అని అడిగాడు.

ఆ గడ్డ ఆపరేషన్‌లో అన్నయ్య పోయాక, దుకాణం ఖాళీ చేస్తుంటే ఇటుక ఎరుపు డబ్బా దొరికింది. మూత రాలేదు. స్క్రూడ్రైవర్‌తో లేపితే లోపల రంగు అడుగుదాకా రాయిలా బిగుసుకుపోయి ఉంది. వాడినప్పుడల్లా మూత మీద తేదీ వేయడం అన్నయ్య అలవాటు. ఆ మూత మీద చివరి తేదీ, నేను చెవి చూసిన రోజుకి రెండేళ్ల ముందుది.