తాబేలు మీద చెప్పులతో

ఆ రోజుల్లో అబద్ధానికి ఎంత దూరమైనా నడిచే ఓపిక ఉండేది. ఇప్పుడైతే మనం నోరు తెరిచేలోగా ఎదుటివాడు ఫోను తీసి, అది నిజమో కాదో చూసేసి, దాని కాళ్ళు విరగ్గొట్టి మన ఒళ్ళో కూచోబెడుతున్నాడు. మా కాలంలో దోర్నపాల్ సంతలో పుట్టిన అబద్ధం సుక్మా చేరేసరికి పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కూడా కని, సంసారపక్షంగా కనిపించేది. అలాంటి బంగారు కాలంలో, మీసం ఇంకా బతిమాలితే గానీ రాని వయసులో, నాకు పిల్లలకు నిజాలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఈ వార్త విని మా నాన్న భోజనం ఆపి మరీ నవ్వారు. కిరండూల్ గనిలో డంపరు నడిపే మనిషి, ఊరికే నవ్వే రకం కాదు. "నీకు బడిపంతులు ఉద్యోగమా? అబద్ధాలకు జీతమిచ్చే ఆఫీసు ఎక్కడ తెరిచార్రా?" అన్నారు. ఆ తర్వాత కాస్త జాలిపడి, "సరే, వెళ్ళు. తరిమేస్తే మొహమాటపడకుండా ఇంటికొచ్చెయ్. గని క్యాంటీన్‌లో గిన్నెలు తోమడానికి మనిషి కావాలంటున్నారు, చెప్పి ఉంచుతాను," అన్నారు. (చెప్పే ఉంచారు. క్యాంటీన్ మేస్త్రీ నాకు సరిపోయే ఏప్రాన్ కూడా పక్కన పెట్టాడని మా అమ్మ తర్వాత చెప్పింది.)

నా బడి ఉన్న ఊరు, దోర్నపాల్‌లో బస్సు దిగి శబరి నది ఒడ్డు వెంబడి నడిస్తే వచ్చేది. ఇంట్లో దోర్లీ, సంతలో హిందీ, భద్రాచలం వైపు మిరపకోతలకు వెళ్ళొచ్చిన వాళ్ళ నోట తెలుగు. బడి పుస్తకం మాత్రం హిందీ. నేను పాఠం హిందీలో చదివించి, తెలుగులో విడమరిచి చెబితే, పిల్లలు దోర్లీలో నవ్వుకునేవాళ్ళు. నన్ను "గురూజీ" అనేవారు. ఆ పిలుపు వినగానే నాకు ఒక అంగుళం పొడవు పెరిగినట్టుండేది. అయితే ఆ గురూజీ ఉద్యోగం అప్పటికింకా నాది కాదు. వానలు తగ్గాక కోంటా నుంచి బళ్ళు తనిఖీ చేసే పెద్ద సాబు వస్తాడు. పుస్తకంలో ఏదో ఒక పాఠం తీసి, పిల్లల చేత చదివించి, ప్రశ్నలడుగుతాడు. జవాబులొస్తే నేను ఉంటాను. రాకపోతే ఏప్రానూ, గిన్నెలూ.

అందుకని చదివించడం కన్నా జవాబులు చెప్పించడం మీద పడ్డాను. ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ పిల్లలకు జవాబులు తెలియక కాదు, మరీ ఎక్కువ తెలిసి. పుస్తకంలో ఎలుగుబంటి తేనె తింటుంది. "ఎలుగు ఏం తిన్నది?" అని అడిగితే, "మా చిన్నమ్మ ఏరి పెట్టిన ఇప్పపువ్వు తిన్నది గురూజీ, బుట్టతో సహా!" అని క్లాసంతా సాక్ష్యం చెప్పేది. నిజమే. చిన్నమ్మ బుట్ట కోసం ఊరంతా వెతికారు కూడా. కానీ పెద్ద సాబుకు చిన్నమ్మ బుట్టతో ఏం పని? అందుకని ఒక సూత్రం కనిపెట్టి, బొగ్గుతో గోడ మీద రాసి పెట్టాను: జవాబు పాఠంలోంచే తియ్యాలి, ఇంటి నుంచి తేకూడదు. ఎవరు ఏ జవాబు చెప్పినా నేను "పాఠంలో ఉందా?" అని అరవాలి. వాళ్ళు వెతికి, వేలు పెట్టి చూపించి, "ఉంది!" అని అరవాలి. ఈ అరుపులకు పక్క పొలంలో ఎద్దులు కూడా అలవాటు పడ్డాయి. అందరికన్నా గట్టిగా అరిచేది, ముందుగా వేలు పెట్టేది ఊరి పటేలు మనవరాలు. ఏ మాటనూ ఊరికే వదలదు కాబట్టి దాన్ని నేను "వకీలమ్మా" అని పిలిచేవాణ్ణి. ముద్దుకే పిలిచాను. ముందు ముందు నా మీదే కేసు వాదిస్తుందని అనుకోలేదు.

అలా ఒకరోజు సముద్రపు తాబేలు పాఠం వచ్చింది. ఏముంది, పది వాక్యాలు. సముద్రంలో ఉంటుంది, ఒడ్డుకొచ్చి ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెడుతుంది, తిరిగి వెళ్ళిపోతుంది, పిల్లలు పుట్టాక వాటంతట అవే నీళ్ళ వైపు నడుస్తాయి. చదివించి ఊరుకుంటే నేను మా నాన్న ఎగతాళి చేసిన కొడుకుని ఎందుకవుతాను?

"సముద్రం అంటే ఏంది గురూజీ?" అంది వకీలమ్మ.

"మన శబరి లేదూ? దానికి అవతలి ఒడ్డు లేకపోతే సముద్రం."

"అవతలి ఒడ్డు లేకపోతే పడవ ఏడికి పోతది?"

పడవ సంగతి ఇంకో పాఠంలో వస్తుందని పేజీ తిప్పబోయాను. అది గ్రహించినట్టే, "నువ్వు చూసినవా?" అని ఇంకో బాణం వేసింది.

ఇక్కడ మీకు ఒక రహస్యం చెప్పాలి. నేను చూడలేదు. కిరండూల్ నుంచి రైలు సొరంగాలన్నీ దాటుకుంటూ విశాఖపట్నం దాకా వెళ్తుంది. చిన్నప్పుడు ప్రతి వేసవికీ ఆ రైలెక్కాను. కానీ మా అమ్మమ్మ ఊరు శృంగవరపుకోట దగ్గర కావడంతో ప్రతిసారీ అక్కడే దించేసేవారు. సముద్రం ఎప్పుడూ నా టికెట్టుకు నాలుగు స్టేషన్ల అవతలే ఉండిపోయింది. కానీ అంతమంది పిల్లలు కళ్ళింతలు చేసుకుని చూస్తుంటే "చూడలేదమ్మా" అనడానికి నోరు రావాలి కదా! "చూడటమా!" అన్నాను, కుర్చీ వెనక్కి జరిపి. "మునిగాను కూడా. మునిగిపోతుంటే అడుగు నుంచి ఒక తాబేలు లేచి నన్ను వీపు మీద ఎక్కించుకుంది. పటేలు తాత నులకమంచం ఉందే, అంత వెడల్పు! ఇటో కాలూ అటో కాలూ వేసి కూచున్నాను. మడమలతో అదిలిస్తే ఎడ్లబండిలా పరుగు. ఓడలో వాళ్ళు టోపీలు తీసి సలాం కొట్టారు. మా నాన్న అప్పుడే కొనిచ్చిన కొత్త చెప్పులు, వాటికి ఒక్క చుక్క తడి అంటలేదంటే చూసుకోండి! దిగేటప్పుడు ఊరికే పంపడం బాగుండదని జేబులో ఉన్న పకోడీలు పెట్టాను. తిని, తుమ్మి, వెళ్ళిపోయింది." చివర్లో, "నా కళ్ళతో చూసిందే చెబుతున్నా, సరస్వతి మీద ఒట్టు," అని ముద్ర కూడా వేశాను. (ఆ తుమ్ము గురించి ఇప్పటికీ నాకు కొంచెం గర్వమే. పకోడీలో ఉల్లి ఉందిగా.)

మర్నాడు బడికి దాదాపు ఎవరూ రాలేదు. పిల్లలు ఒకరిద్దరు వచ్చి, ఖాళీగా ఉన్న గది చూసి పండగనుకుని పారిపోయారు. మధ్యాహ్నం వకీలమ్మ వచ్చింది గానీ గడప దాటలేదు.

"మేం రాము గురూజీ. తాత వద్దన్నడు."

"ఎందుకే?"

"నువ్వు మా తాత మీద ఎక్కినవంట."

"నేనా? మీ తాత మీదా? ఎప్పుడే?"

"సముద్రంల," అంది వకీలమ్మ, ఇంత చిన్న విషయం కూడా అర్థం కాదా అన్నట్టు.

అప్పుడు తెలిసింది. ఊళ్ళో ముప్పాతిక మందిది తాబేలు గోత్రం. తాబేలు వాళ్ళ వంశానికి మూలపురుషుడు. తినరు, కొట్టరు, శబరిలో వలకు చిక్కితే మొక్కి, నీళ్ళు చల్లి వదిలేస్తారు. అలాంటి పెద్దమనిషి వీపెక్కి, మడమలతో పొడిచి, ఆ గొప్పంతా ఆయన మనవల ముందే చెప్పుకున్నాను. పెద్ద సాబు వచ్చేది వచ్చే వారమే. కళ్ళ ముందు ఏప్రాన్ గాలికి ఊగింది.

ఆ సాయంత్రమే పటేలు ఇంటి పందిరి కింద పంచాయితీ. పెద్దలు నలుగురూ ఒకవైపు, పిల్లలంతా ఒకవైపు, మధ్యలో నేను. పటేలు నెమ్మదైన మనిషి. ఆకుచుట్ట ఆరిపోయినా అలాగే పట్టుకుని మాట్లాడేవాడు.

"తాబేలు మీద కూసున్నవా, పండుకున్నవా?" అని అడిగాడు నన్ను.

నేను నోరు తెరిచేలోగా వకీలమ్మ లేచింది. "కూసున్నడు తాతా. ఇటో కాలు అటో కాలు ఏసి."

"పాఠంల ఉందా?" అన్నారు వెనక నుంచి పిల్లలు, అలవాటుగా.

"ఉంది!" అంది వకీలమ్మ.

"పొడిచిండా?"

"మడమలతోని. ఎడ్లను పొడిచినట్టు."

"పాఠంల ఉందా?"

"ఉంది!"

ఒక ముసలాయన ముందుకు వంగి, "కాళ్ళకు చెప్పులున్నయా?" అని అడిగాడు. ఆ చెప్పుల సంగతి నాకు తప్ప లోకంలో ఎవరికీ అవసరం లేదు. కథకు కూడా అవసరం లేదు. అయినా ఎందుకు చెప్పానో!

"ఉన్నయి," అంది వకీలమ్మ, నా వైపు జాలిగా చూస్తూ. "కొత్తయి."

పెద్దలంతా ఒక్కసారి నిట్టూర్చారు. ఇక దాచి లాభం లేదనిపించింది. లేచి నిలబడి, "అయ్యా, పటేలూ, అదంతా ఉత్త కట్టుకథ. నేను సముద్రమే చూడలేదు. తాబేలు లేదు, స్వారీ లేదు," అన్నాను. నిజం చెప్పడం అలవాటు లేక చివర్లో ఒట్టు పెట్టడం కూడా మర్చిపోయాను.

పటేలు మనవరాలి వైపు తిరిగాడు. "ఏందమ్మా, కట్టుకథ అని నీకు చెప్పిండా?"

వకీలమ్మ గాల్లో వేలు ఆడించింది. పై నుంచి కింది దాకా నా పాఠమంతా మనసులో వేలు పెట్టి వెతికినట్టుంది. "లేదు తాతా. కళ్ళతో చూసిన, సరస్వతి మీద ఒట్టు అన్నడు. కట్టుకథ అని పాఠంల లేదు." తర్వాత నా వైపు తిరిగి, గోడ మీద బొగ్గుతో నేను రాసిన మాటనే, నా గొంతుతోనే చెప్పింది: "ఇప్పుడు ఇంటి నుంచి తెస్తున్నవ్ గురూజీ. ఇంటి నుంచి తేవొద్దు."

లోకంలో ఏ పంతులికైనా తన బోధన ఇంత బాగా ఫలించడం చూసే భాగ్యం దొరికిందా? ఏడవాలో పొంగిపోవాలో తెలియక కూచుండిపోయాను. అయితే ఆ పిల్ల వకీలే కాదు, న్యాయం తెలిసిన వకీలు. "పకోడీలు కూడ పెట్టిండు తాతా," అని గుర్తు చేసింది. "తాత తిన్నడు."

"కాదనకుండ తిన్నడా?"

"తిన్నడు. తుమ్మిండు."

పెద్దలు దోర్లీలో గుసగుసలాడుకున్నారు. పకోడీలు పనిచేశాయి. తినిపించినవాడు పగవాడు కాడని తేలింది. చెప్పులకు ఒక పుంజు, మడమలకు ఒక పెట్ట, అందరికీ సరిపడా జీలుగు కల్లు. అంతా కలిసి నేను కట్టాల్సిన తప్పు. సంతలో పుంజును బేరమాడి, చంకలో పెట్టుకుని నడిచి వస్తుంటే అది దారి పొడుగునా నన్ను తిట్టింది. నేను చెయ్యని స్వారీకి అది చావడం దానికి మాత్రం ఏం బాగుంటుంది?

విందు రోజు పందిరి ముందు నన్ను శబరి వైపు తిప్పి మొక్కించారు. చెప్పులు విప్పించారు. ముద్ద తిన్నాక పటేలు నా పక్కన చేరి, చెవి దగ్గర మెల్లగా, "అది సరే గాని గురూజీ, తడి డిప్ప మీద చెప్పులతోని కూసుంటే జారవా?" అన్నాడు. నా గొంతులో కల్లు అడ్డం పడింది. "వద్దు, చెప్పకు," అని వీపు నిమిరాడు. "తప్పు కట్టినవ్. మేం తిన్నం. ఇగ ఆ ముచ్చట ఊళ్ళ ఎవ్వరు ఎత్తరు. ఎత్తితే వాళ్ళే తప్పు కట్టాలె." అది ఆ ఊరి కట్టుబాటు. కోడి అరిగాక మాట కూడా అరిగిపోవాలి.

పెద్ద సాబు రానే వచ్చాడు. పుస్తకం తెరిచాడు. ఏ పాఠం తీశాడో మీరు ఊహించే ఉంటారు. ఆయనది ఒడిశా తీరమట, సముద్రం పేరు కనిపించగానే ఆయన కళ్ళు మెరిశాయి. గుడ్లు ఎక్కడ పెడుతుంది? ఇసుకలో. పిల్లలు ఎటు నడుస్తాయి? నీళ్ళ వైపు. ప్రతి జవాబుకూ వేలు, ప్రతి వేలుకూ "ఉంది!" సాబు ముచ్చటపడిపోయి, వకీలమ్మను దగ్గరికి పిలిచి, "ఇంతకీ తాబేలు నీకేమవుతుంది?" అని సరదాకి అడిగాడు.

"అది పాఠంల లేదు సాబ్. ఇంట్ల ఉంది. చెప్పమంటరా?"

"చెప్పు."

"తాత అయితడు."

సాబు నవ్వాడు గానీ ఎగతాళిగా కాదు. పూరీ వైపు మనిషి, దేవుణ్ణి ఏ రూపంలోనైనా గుర్తుపట్టగలడు. అంతటితో ఆగితే బాగుండేది. "మరి మీ గురూజీ సముద్రం గురించి మీకేం చెప్పాడు?" అన్నాడు. నా చెవుల్లో క్యాంటీన్ గిన్నెలు మోగాయి. క్లాసు మొత్తం ఒక్కసారిగా బొగ్గు రాతలున్న గోడ వైపు చూసింది. కిటికీ బయట నిలబడిన పటేలు ఆరిన చుట్టను తెగ పీలుస్తున్నాడు. వకీలమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"ఆ పాఠం అయిపోయింది సాబ్," అంది. "మేం తినేసినం."

సాబుకు అర్థం కాలేదు. అర్థం కానిదంతా గొప్ప బోధనా పద్ధతే అనుకునే మంచి కాలం అది. రిజిస్టరులో ఏదో మంచిమాట రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఏప్రాన్ ఇంకొకరికి వెళ్ళింది. నేను ఆ బడిలో చాలా ఏళ్ళున్నాను. ఎన్ని కథలు చెప్పినా నా కథలన్నింటిలోకీ మంచిదాన్ని మాత్రం అక్కడ మళ్ళీ చెప్పుకునే వీలు లేకపోయింది. కథకుడికి అంతకన్నా పెద్ద శిక్ష ఉంటుందా?

మొన్న మాఘం పోయాక మా ఆవిడతో విశాఖపట్నం వెళ్ళాను. ఈసారి శృంగవరపుకోటలో దిగలేదు. తెల్లవారుజామున బీచిలో తాబేలు పిల్లల్ని నీళ్ళలోకి వదులుతున్నారంటే చూడబోయాం. నులకమంచం కాదు కదా, ఒక్కొక్కటి గారెంత కూడా లేదు. ఇసుకలో రెక్కల్లాంటి కాళ్ళాడించుకుంటూ, పడుతూ లేస్తూ, పాఠంలో ఉన్నట్టే నీళ్ళ వైపు నడుస్తున్నాయి. పక్కకు తిరిగి చూసి, "అదేంటండీ, చెప్పులు చేత్తో పట్టుకున్నారు?" అంది మా ఆవిడ. "ఇసుక పోతుందని," అన్నాను. (ఈ వయసులో అంతకన్నా మంచి అబద్ధం తోచలేదు.) ఫోనుతో ఆ తాబేలు పిల్లల్ని ఒక ఫోటో తీసి వకీలమ్మకు పంపాను. తను ఇప్పుడు దోర్నపాల్‌లో ఇద్దరు పిల్లల తల్లి. ఊరి కట్టుబాటు ప్రకారం ఆ ముచ్చట ఎత్తకూడదు. ఎత్తనూ లేదు. చాలాసేపటికి ఒక్క ముక్క జవాబు వచ్చింది.

"చెప్పులు?"

"చేతిలో ఉన్నాయమ్మా," అని రాశాను. రాసి, ఆ చల్లటి తడి ఇసుకలో అలాగే నిలబడ్డాను. చివరి పిల్ల కూడా నీళ్ళలో కలిసిపోయే దాకా, మా తాబేలు పెద్దాయన మళ్ళీ ఓసారి తుమ్ముతాడేమోనని చెవి ఒగ్గి విన్నాను.