గంగారత్నం పథ్యం

దివిసీమ ఉప్పెనకు ముందటేడు వేసవిలో ఒకరోజు గంగారత్నం గవర్నరుపేటలో నడివీధిన చేపల గంప దించేసింది. కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచీ కైకలూరులో పాసింజరెక్కి బెజవాడ వచ్చి, వీధులు తిరిగి చేపలమ్మేది. బేరం లేకుండా గంప దించడం ఆమెకు నామోషీ. ఆ రోజు ఎవరూ పిలవలేదు. కాళ్లు ఆగిపోయాయి, అంతే.

ఆ వీధిలో ఆమెకు వాడుక ఇల్లు పద్మావతమ్మది. ఆవిడ చెంబుతో మంచినీళ్లు తెచ్చింది.

"ఏమే, ఎండదెబ్బా?"

"ఎండ కాదండీ. పొద్దున్నే లేచేసరికే ఒంట్లో పొద్దుగూకినట్టుంటంది." నీళ్లు తాగాక అంది: "ఎడం రొమ్ములో గడ్డ కూడా ఉందండీ. నొప్పి లేదు గదా అని ఊరుకున్నా."

పద్మావతమ్మ ఊరుకోలేదు. తనకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి పంపించింది. గంగారత్నం భర్త పేరయ్య వల పక్కన పెట్టి వెంట వచ్చాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ నాన్చకుండా చెప్పింది.

"కాన్సరు. రొమ్ము తీసెయ్యాలి, ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. కానీ ఈవిడ ఒంట్లో రక్తం లేదు. ఇప్పుడు కోస్తే తట్టుకోలేదు. నెల్లాళ్లు బలమైన తిండి పెట్టి తీసుకురా."

పథ్యం సంగతి ఆవిడ చెప్పలేదు, వీళ్లు అడగలేదు. గడ్డకు పథ్యమేమిటో కొల్లేటి ఊళ్లలో ఒకర్ని అడిగి తెలుసుకునే పని లేదు. గడ్డ లేచినవాళ్లు నీచు ముట్టకూడదు. చేప, రొయ్య, గుడ్డు ఏది తిన్నా గడ్డ చీము పట్టి పెరుగుతుందని అందరికీ తెలుసు.

ఇంట్లో పెత్తనం పేరయ్య అక్క సంపూర్ణమ్మది. మొగుడు పోయాక తమ్ముడి దగ్గరే ఉంటోంది. "నెల్లాళ్లు దీన్ని నాకొదిలెయ్" అంది తమ్ముడితో. పాత బియ్యం అన్నం, మిరియాల చారు, శొంఠిపొడి. బలమైన తిండి అన్నారు గనక పైన నేతిచుక్క. అది తినని నీచు మన నోట్లోకెట్టా పోతుందని తను మానేసి, తమ్ముడి చేతా మానిపించింది. చేపలు పట్టి బతికే ఇంట్లో పొయ్యి మీదికి చేప ఎక్కలేదు.

గంగారత్నానికి నీరసం ఎక్కువైంది. జబ్బు లక్షణమే అదనుకున్నారు. ఆమె ఓపికను ఉప్పులా చూసి వాడుకోవడం నేర్చుకుంది. తలంటుకున్న రోజు వీధులు తిరిగేది కాదు. సగం గంపతో స్టేషను బయటే కూర్చునేది. ఆయాసమొస్తుందని బేరాలాడటం మానేసింది.

"ఏమే గంగా, ఒక్క మాటే చెబుతున్నావు, కలెక్టరువైపోయావా?" అని పక్కనే తన చేపల గంపతో కూర్చున్న మణెమ్మ వేళాకోళమాడింది.

"రెండో మాటకి ఊపిరి లేదే. ఉంటే నిన్ను తిట్టకుండా ఉంటానా?"

అంత నీరసంలోనూ అలవాటు మాట మాత్రం నోటికి వచ్చేది: "జబ్బుపడి లేచినోళ్లకి కొరమీను పెట్టండమ్మా, రక్తం పడుద్ది." ఆ మాట తనకూ చెల్లుతుందని తోచలేదు. వాళ్లకు గడ్డ లేదు కదా.

నెల తిరిగాక డాక్టరమ్మ మళ్లీ రక్తం చూసింది. మునుపటి కంటే తగ్గింది.

"ఏం తింటున్నావమ్మా?"

"చారన్నమండీ. ఒక్క పూట కూడా పథ్యం తప్పలేదండీ."

"పథ్యమా? ఎవరు పెట్టారు?"

"మా వదినండీ," అంది గంగారత్నం, కాస్త గర్వంగానే.

డాక్టరమ్మ గడ్డ చుట్టూ, చంక కిందా నొక్కి చూసింది. "చేపలమ్ముకునేదానివి, నెల్లాళ్లూ చేప ముట్టలేదా?" అని, పేరయ్య వైపు తిరిగింది. "గడ్డ చంకలోకి పాకింది."

"పథ్యం వల్లనాండీ?"

"గడ్డ దాని దారిన అది పెరుగుతుంది. ఈవిడకి రక్తం పట్టి ఉంటే ఇవాళే ఆసుపత్రిలో చేర్చుకునేదాన్ని. ఈ నెల పోయింది."

తిరుగు పాసింజరులో గంగారత్నం కిటికీకి తల ఆనించి కూర్చుంది. గుడివాడ దాటాక అంది: "ఈ మాట వదినతో అనమాకు."

"మరేం చెప్పను?"

"నీచు తినమన్నారని చెప్పు. అంతవరకే."

సంపూర్ణమ్మ నమ్మలేదు. "పుస్తకాల్లో చదువుకున్నావిడకి మన ఒంటి సంగతేం తెలుసు?" అని గొణిగింది. అయినా వండింది. ముళ్లు తీసి, ముద్దలు చేసి నోట్లో పెట్టింది. నమిలే ఓపిక లేదంటే మెత్తగా పిసికి మరీ పెట్టింది. మెల్లగా రక్తం పట్టింది. వానాకాలంలో ఆపరేషనయింది. ఎడం చెయ్యి భుజం దాటి లేవలేదు. ఆమె వాడుక ఇళ్లకు మణెమ్మ గంప తిరగసాగింది.

దసరా నాటికి కోసిన చోట మళ్లీ గడ్డ చేతికి తగిలింది. పేరయ్యతో చెబుతుంటే సంపూర్ణమ్మ వింది. వీధి గుమ్మంలో కూలబడి తల కొట్టుకుంది.

"నేను మొత్తుకుంటూనే ఉన్నాను, నీచు వద్దని! నా చేత్తో నేనే వండిపెట్టాను. నా చేతులు పడిపోను!"

పేరయ్య నోరు తెరిచాడు. గంగారత్నం అతని వైపు చూసింది. అతను లేచి వల బాగుచేసుకునే మిషతో దొడ్లోకి వెళ్లిపోయాడు.

ఆ పూట నుంచి సంపూర్ణమ్మ మళ్లీ పథ్యం మొదలుపెట్టింది. పొయ్యి మీద చారు మరుగుతోంది. చాప మీద పడుకున్న గంగారత్నానికి ఆ వాసన తగిలింది.

"వదినా, ఆ చారు దించు. ఆయన తెచ్చిన కొరమీను వండు."

"మళ్లీనా? నా చేత్తో నిన్ను చంపుకోమంటావా?"

అలా కాదని చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. చెప్పాక ఆ మనిషిని ఓదార్చాలి. అంత ఓపిక గంగారత్నం దగ్గర లేదు.

"తినాలనుంది," అంది.

సంపూర్ణమ్మ ఏడుస్తూనే కత్తిపీట ముందుకు లాక్కుంది.