తొల్సూరు కాదన్న నెత్తురు

జర దగ్గరికి జరిగి కూసోండి. చేతిల పని ఉంటె చేస్కుంటనే ఇనండి, చెవు మాత్రం నా దిక్కు పెట్టండి. ఆడివిల్ల ఉన్న ప్రతి ఇంట్ల ఈ ముచ్చట తెల్వాలె.

మాది కాశిబుగ్గల చిన్న కిరాణ దుకాణం. మాఘంల కొడుకు పెండ్లి చేసినం. కోడలిది ఏటూరునాగారం దిక్కు పల్లె. మాట తక్వ, పని ఎక్వ. ఆషాఢం రాంగనే తల్లిగారింటికి తోలిచ్చినం. కొత్త కోడలు, అత్త ఆ నెలంత ఒక్క గడప దాటొద్దు కద. శ్రావణంల తిరిగొచ్చింది, బాగ చిక్కింది.

"ఏంది బిడ్డా, మీ అవ్వ అన్నం పెట్టలేదా?" అని నవ్వులాటకు అన్న. నవ్వలే. తల్లి మీద బెంగేమో అనుకున్న.

మరుసటేడు నెల తప్పింది. ఇంట్ల పండుగే. హన్మకొండల ఒక డాక్టరమ్మకు చూపిచ్చినం. రక్తం పరీక్ష జేసి, "నీ కోడలిది నెగెటివ్ గ్రూపమ్మా" అన్నది. నెగెటివ్ అంటె ఏదో లోపమనుకున్న.

"రోగం కాదు. కొందరి రక్తం తీరే అంత. నీ కొడుకుది పాజిటివ్. కడుపులో బిడ్డకు తండ్రి గ్రూపు వస్తే, తల్లి రక్తం దాన్ని పరాయిది అనుకుంటది. అట్ల అనుకోకుండ ఒక సూది ఉన్నది. ఏడో నెలల ఒకటి, కాన్పయినంక బిడ్డది పాజిటివ్ అని తేలితే మూడు రోజుల లోపల ఇంకోటి."

బిడ్డ నెత్తురు తల్లికి పరాయిదెట్లయితది? తల్లీబిడ్డలది ఒక్కటే నెత్తురు అనుకుంటనే ముగ్గురిని కన్న నేను.

"ఇంతకుముందు కడుపు ఏమన్న పోయిందా?" అని డాక్టరమ్మ అడిగింది. కోడలు నోరు తెరవకముందే నేను చెప్పిన. "లేదమ్మా, తొల్సూరు, ఇదే మొదటి కడుపు." కోడలు చున్నీ అంచు వేలికి చుట్టుకుంటాంది.

"తొలిసారికి భయం తక్కువే" అనుకుంట, ఇంకో పరీక్షకు రక్తం పంపింది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తె తక్కెడ ఆపిండు. "అయితె తప్పంత నీ కొడుకు నెత్తురుదే."

"నా కొడుక్కు ఆ నెత్తురు యాడికెల్లి వచ్చింది?" అన్న. మల్ల తక్కెడ పట్టిండు.

పరీక్ష వచ్చినంక పోయినం. డాక్టరమ్మ దాన్ని చూసి కోడల్ని చూసింది. "తల్లి రక్తం ఇప్పటికే బిడ్డ రక్తానికి విరుగుడు తయారు చేసుకున్నది. తొలి కడుపుకు ఇంత తొందరగ ఇట్ల కాదు. ఎప్పుడన్న రక్తం ఎక్కిచ్చిండ్రా? ఏం దాయకుండ చెప్పు."

కోడలు నా దిక్కు చూసింది. "అత్తమ్మ, పోయినేడు ఆషాఢంల ఒక కడుపు పోయింది."

నా చేతిల సంచి జారింది. బత్తాయిలు గదంత దొర్లినయి. ఎవ్వలం ఎత్తలే.

అప్పటికి మూడో నెల నడుస్తాందట. మూడు నెలలు నిండెదాక ఎవలకు చెప్పొద్దని, మొగనికి గూడ చెప్పలేదట. తల్లిగారింట్ల రక్తం పోతె తల్లి శొంఠి కషాయం తాపి పండవెట్టిందట. దవాఖానకు పోలే, గ్రూపు ఎవ్వలు చూడలే, సూది ఎయ్యలే.

"ఇప్పుడెయ్యి తల్లీ ఆ సూది" అన్న.

"రక్తం విరుగుడు నేర్చుకోకముందే ఆ సూది పనిచేస్తది. నేర్చుకున్నంక ఏం చెయ్యలేం. బిడ్డను కనిపెట్టుకోని ఉండుడే."

తెల్లారి వియ్యపురాలు ఉరికొచ్చింది.

"వదినె, పోయిన కడుపు పేరెత్తితె మల్ల నిలువదని మా అవ్వ చెప్పేది. అదీగాక, మీరు నా బిడ్డను ఓ మాటంటరేమోనని."

"నేనంటనా వదినె?"

"అనరని ఇప్పుడెర్క. అప్పుడు మీరు నాకు కొత్త."

నాకు కోపం రాలే. చెయ్యి పట్టి పక్కన కూసోవెట్టుకున్న.

ఇగ అప్పట్నుంచి స్కానింగులే. బిడ్డ తలకాయల రక్తం ఎట్ల ఉరుకుతాందో చూస్తరు. ఉరుకుడు ఎక్వయితె బిడ్డకు రక్తం పల్సవడ్డట్టు. ప్రతిసారి కోడలు బల్లమీద, మేం వియ్యపురాండ్లిద్దరం బయట బల్లమీద. ఆఖరికి నెలలు నిండకముందే కాన్పు జేసిండ్రు.

ఆడివిల్ల. పుట్టిన్నాడే పచ్చగయింది, పసుపు పూసినట్టు. కండ్లకు పట్టీ కట్టి నీలం లైటు కింద పండవెట్టిండ్రు. అది చాలక ఆ పిడికెడు పిల్ల ఒంట్లె నెత్తురు తీసుకుంట వేరేవాళ్ల నెత్తురు ఎక్కిచ్చిండ్రు. ఇచ్చినోళ్లెవలో మాకు తెల్వదు. కన్నతల్లి నెత్తురు కొట్లాడితె, పేరు తెల్వనోళ్లది కాపాడింది. పచ్చదనం మెల్లగ దిగింది. పాలు గట్టిగ పట్టి గుంజిన దినం నేను గోడకు ఒరిగి ఏడ్సిన.

తొట్టెల్ల ఏసిన్నాడు ఇల్లంత చుట్టాలు. ఓ ముసలమ్మ పిల్లను ఒళ్లెకు తీస్కోని, "తొల్సూరేనా?" అన్నది. వియ్యపురాలు తల వంచింది.

"కాదు పెద్దమ్మా, రెండోది" అన్నది కోడలు. అంత మాట తక్వ పిల్ల.

వియ్యపురాలే తలెత్తి, "అవును, రెండోదే" అన్నది.

ఇప్పటికీ నాకు విచిత్రమే. ఇంట్ల ఎవ్వలం పేరెత్తని బిడ్డను కోడలి నెత్తురు యాది పెట్టుకున్నది. రేపు మల్ల కడుపయితె తొలి నెల నుంచే చూపియ్యాలె అన్నది డాక్టరమ్మ. ఈపారి అడిగిన మాటకు కోడలే జవాబిస్తది.

ఇన్నరు కద. మీ ఇండ్లళ్ల ఆడివిల్లల కడుపులు సల్లగుండాలె. వాళ్ల నోట్లె మాట నోట్లెనే నిలిచిపోవద్దు. మీ తొట్టెల్లు ఊగుతనే ఉండాలె.